పక్షఫిరాయింపుల శాసనము: పెండేకంటి వెంకటసుబ్బయ్యగారి తీర్మానము

మన సంఘ మహాసభలు జరిగినప్పుడెల్ల శాసనసభలలో మనవారి సంఖ్య యెంత, మంత్రిపదవులలో మనవారి భాగ మెంత యను చర్చ వచ్చుచునే యుండును. ఆ చర్చ తప్పు గాదు. కాని సభకు పంపబడినవాడు తన్ను నిలిపిన పక్షమును విడిచి, వేఱొక పక్షమున చేరి పదవి నందినచో మనము సంతోషింపవలెనా, సిగ్గుపడవలెనా యను ప్రశ్నను మాత్రము మన మంతగా విచారింపలేదు. ఈ ప్రశ్నను లోకసభ యెదుట తీర్మానరూపమున నిలిపినవారు నంద్యాలనుండి ఎన్నికైన యొక తెలుగు సభ్యులు. వారి చరిత్రలో ఈ విషయమునకు సంబంధించిన ఘట్టములు రెండు గలవు. ఒకటి కీర్తి తెచ్చినది. రెండవది కీర్తి తేలేదు. రెంటిని చెప్పుటయే చరిత్రధర్మ మని మా యభిప్రాయము.

1967వ సంవత్సరపు సార్వత్రిక ఎన్నికలలో పెక్కు రాష్ట్రములందు కాంగ్రెసు పూర్వపు బలమును కోల్పోయెను. అనేక శాసనసభలలో పదిమంది యటు తిరిగిన మంత్రివర్గము కూలుచు, పదిమంది యిటు తిరిగిన మఱియొకటి నిలుచుచు వచ్చెను. ఉత్తరప్రదేశమున చరణ్ సింగుగారు అనుచరులతో కాంగ్రెసును విడువగా, నెల తిరుగకమునుపే అచ్చటి ప్రభుత్వము పడిపోయెను. హర్యానాలో గయాలాల్ అను సభ్యుడు రెండు వారములలో ముమ్మాఱు పక్షము మార్చెను. 'ఆయారామ్, గయారామ్' అను నానుడి ఆ కాలమున పుట్టినదే.

అట్టి సమయమున కాంగ్రెసు సభ్యులు శ్రీ పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు ఆగస్టు నెలలో లోకసభయందొక అనధికార తీర్మానమును ప్రతిపాదించిరి. శాసనసభ్యులు ఒక పక్షమును విడిచి మఱియొక పక్షమునకు మాటిమాటికి మాఱుచుండుటను అన్ని విధముల విచారించుటకు, వివిధ పక్షముల ప్రతినిధులతోను రాజ్యాంగ నిపుణులతోను ఉన్నతసంఘము నొకదానిని వెంటనే నియమింపవలె నని దాని సారాంశము.

ఈ తీర్మానమున పక్షప్రయోజన మేమియు లేదని మేము చెప్పజాలము. ఆ యేట ఫిరాయింపులవలన ప్రభుత్వములను పోగొట్టుకొన్నది కాంగ్రెసే. అయినను తీర్మానము సభ యెదుట నుండగనే, నవంబరు నెలలో పశ్చిమ వంగరాష్ట్రమున ప్రఫుల్లచంద్ర ఘోష్‌గారు సంయుక్త కూటమిని విడిచి ముఖ్యమంత్రి కాగా, ఆ కాంగ్రెసే ఆయనకు అండగా నిలిచెను. మన కొంప విడిచినవాడు ద్రోహి, మన కొంపకు వచ్చినవాడు వివేకి యను న్యాయము అన్ని పక్షములందును సమానముగ నుండెను. ఇట్టి వాతావరణములో 1967 డిసెంబరు 8వ తేదీన సభ ఆ తీర్మానమును ఏకగ్రీవముగ ఆమోదించుట సామాన్యవిషయము గాదు.

దాని ఫలితముగ హోంమంత్రి యశ్వంతరావు చవాన్‌గారి యధ్యక్షతన సంఘ మేర్పడెను. జయప్రకాశ నారాయణ, హృదయనాథ కుంజ్రూ, సెతల్వాడ్, మోహన్ కుమారమంగళం మొదలగువారు అందు సభ్యులు. 1969లో వెలువడిన నివేదికలోని అంకెలు చదువువారికి నేటికిని విస్మయము గలిగించును. 1967 మార్చి మొదలు 1968 ఫిబ్రవరి వఱకు, ఒక్క యేటిలో, 438 ఫిరాయింపులు జరిగినవి. ఏడు రాష్ట్రములలో పక్షము మార్చిన 210 మందిలో 116 మందికి, తమ ఫిరాయింపుచే నిలిచిన మంత్రివర్గములలోనే స్థానములు దొరకినవి. అనగా సగముకంటె నెక్కువమందికి అభిప్రాయము మాఱుటతోడనే అధికారమును కలిసివచ్చెను!

కావున రోగమునకు మూలము మంత్రిపదవియే యని సంఘము గ్రహించెను. ఫిరాయించినవానిని ఒక సంవత్సరము వఱకు, లేదా రాజీనామా యిచ్చి మరల ఎన్నికగు వఱకు మంత్రిగ నియమింపరాదనియు, మంత్రుల సంఖ్యకు పరిమితి యుండవలెననియు సూచించెను. సభ్యత్వమునే తొలగింపవలెనా యను విషయమున మాత్రము ఏకాభిప్రాయము కుదరలేదు. నిజముగ మనస్సాక్షి ననుసరించి పక్షమును విడుచువానిని, ధనమునకో పదవికో అమ్ముడుపోవువానిని ఒకే త్రాటితో కట్టుట న్యాయమా యను సందేహమే దానికి కారణము. ఆ సందేహము నేటికిని పూర్తిగ తీరలేదు.

పిమ్మట 1973లో ఒక సవరణ బిల్లు వచ్చెను. 1977లో లోకసభ రద్దగుటతో అది మురిగిపోయెను. 1978లో రెండవది వచ్చెను; ప్రవేశదశయందే అధికారపక్షమువారే అభ్యంతరము చెప్పగా, ప్రభుత్వము దానిని ఉపసంహరించుకొనెను. 1984 ఆగస్టు 16వ తేదీన హైదరాబాదులో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వమును గవర్నరు తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిగ నియమించిరి. సెప్టెంబరు 16న రామారావుగారు తిరిగి ముఖ్యమంత్రి యగు వఱకు శాసనసభ్యులను పొరుగు రాష్ట్రమున శిబిరములలో కాపాడవలసి వచ్చిన సంగతి మనలో పెద్దలకు జ్ఞాపకమే. 1985 జనవరిలో పార్లమెంటు 52వ రాజ్యాంగ సవరణను ఆమోదించెను. పదియవ షెడ్యూలు ఏర్పడెను. రాజకీయపక్ష మను మాట రాజ్యాంగమున చేరుట అదియే మొదలు. పక్షము బహిష్కరించిన సభ్యునికిని సభ్యత్వము పోవలె నను నిబంధన ముసాయిదాలో నుండగా, ఆక్షేపణలు వచ్చుటచే దానిని తొలగించిరి. శాసనసభ్యుడు నోరు విప్పుటవలన శాసనము మెఱుగుపడు ననుటకు ఇది నిదర్శనము.

ఇక రెండవ ఘట్టము. 1989 ఏప్రిల్‌లో వెంకటసుబ్బయ్యగారు కర్ణాటక గవర్నరుగ నుండిరి. 19 మంది శాసనసభ్యులు ఎస్. ఆర్. బొమ్మైగారి ప్రభుత్వమునకు మద్దతు ఉపసంహరించుకొనుచున్నట్లు లేఖలు వారికి అందెను. 19వ తేదీన వారు రాష్ట్రపతికి నివేదిక పంపిరి. మఱునాడు ఆ 19 మందిలో 7గురు, తమ సంతకములు తప్పుడు మాటలతో తీసికొనబడినవనియు, తాము ప్రభుత్వపక్షముననే యున్నామనియు వ్రాసిరి. సభను 27వ తేదీన సమావేశపఱచి బలమును నిరూపింతు నని బొమ్మైగారు కోరిరి. గవర్నరుగారు బేరసారములు సాగుచున్నవని రెండవ నివేదిక పంపిరి. 21వ తేదీన రాష్ట్రపతి పాలన వచ్చెను, శాసనసభ రద్దయ్యెను.

ఫిరాయింపులయెడ ఇరువదిరెండేండ్లనాటి ఏవగింపే వారి నట్లు తొందరపెట్టెనేమో యని మేము తలంచుచున్నాము. ఉద్దేశ మేదైనను పద్ధతి తప్పైనది. 1994 మార్చి 11వ తేదీన సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము కర్ణాటక ఉత్తరువును రాజ్యాంగవిరుద్ధ మని తీర్చి, మంత్రివర్గ బలమును తేల్చుటకు తగిన స్థలము సభయే గాని రాజభవనము గాదని నిర్ణయించెను. 1967లో వెంకటసుబ్బయ్యగారు ఎత్తిన ప్రశ్నకు సగము సమాధానము శాసనమున దొరకగా, తక్కిన సగము వారి పొరపాటును దిద్దిన తీర్పున దొరకెను.

1985నాటి శాసనము మూడవవంతు సభ్యులు చీలినచో దోషము లేదనెను. చిల్లర బేరమునకు శిక్షయు, టోకు బేరమునకు రక్షయు నయ్యెనను విమర్శ బయలుదేరెను. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటును తొలగించి, మంత్రుల సంఖ్యను దిగువసభ బలములో నూటికి 15కు పరిమితము చేసి, అనర్హుడైనవాడు మరల ఎన్నికగు వఱకో, సభాకాలము ముగియు వఱకో మంత్రి కారాదని విధించెను. చవాన్ సంఘపు సూచనల సారము ముప్పదినాలుగేండ్లకు శాసన మయ్యెను. అయినను మూడింట రెండువంతుల విలీనమునకు ద్వారము తెఱచియే యున్నది. అనర్హతను నిర్ణయించు అధికారము సభాపతిదే. 2017లో ఆంధ్రప్రదేశమున ప్రతిపక్షమునుండి వచ్చిన నలుగురు మంత్రులైరి. 2019లో తెలంగాణమున 18 మంది కాంగ్రెసు సభ్యులలో 12 మంది అధికారపక్షమున విలీనమైరి.

శాసనము గోడవంటిది, గోడ దూకినవానికి ఆవల పూలమాల సిద్ధముగ నున్నచో గోడ యేమి చేయును? ఆ పూలమాల పట్టుకొనువారిలో మనమును ఉన్నాము. మనవాడు మంత్రి యయ్యె నని ఊరేగింపు చేయుటకు ముందు, ఏ త్రోవను అయ్యె నని యడుగుట మన విధి. అభిప్రాయము మాఱినవాడు రాజీనామా యిచ్చి మరల మన గడపకు రావలెను. అప్పుడు ఆతనిని ఆదరించుటయా, తిరస్కరించుటయా యనునది మన యిష్టము. ఈ నియమము మనవారికిని పరులకును ఒకటియే కావలె నని ఈ మహాసభకు మా విన్నపము.