నేలలోని విషాన్ని హరించే సూక్ష్మజీవులు

రాలిన ఆకు, కూలిన చెట్టు, చచ్చిన పశువు కొంతకాలానికి మట్టిలో కలిసిపోవడం అందరూ ఎరిగినదే. కంటికి కానరాని సూక్ష్మజీవులు వాటిని తిని జీర్ణించుకోవడమే ఇందుకు కారణం. మరి నేలలో ఇంకిన పెట్రోలు మాటేమిటి? దానిని కూడా ఆహారంగా గ్రహించే బాక్టీరియా ప్రకృతిలో విస్తారంగా ఉన్నవని 1946లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ జోబెల్ తన సమీక్షా వ్యాసంలో వివరించాడు. అయితే అవి ఉండగా, ఒలికిన పెట్రోలు ఏళ్ల తరబడి ఎందుకు నిలిచిపోతున్నది?

ఈ చిక్కు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో విడిపోయినది. 1972లో ఆంబ్లర్ పట్టణం వద్ద గొట్టపు మార్గం నుండి పెట్రోలు కారి భూగర్భజలంలో చేరినది. బావుల ద్వారా తోడగలిగినంత తోడారు. రాతి పగుళ్లను పట్టుకొన్నది మాత్రం పైకి రాలేదు. దానిని తినగల బాక్టీరియా ఆ నీటిలోనే ఉన్నవి. వాటికి కొరవడినవి నత్రజని, భాస్వరం, ప్రాణవాయువు. రైతు పైరుకు ఎరువు వేసినట్లే, సన్ ఆయిల్ కంపెనీకి చెందిన రిచర్డ్ రేమండ్ బృందం బావులలో ఆ లవణాలు కలిపి గాలిని పంపినది. బాక్టీరియా వృద్ధి చెంది పెట్రోలును బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చసాగినవి. 1974లో ఈ పద్ధతికి పేటెంటు లభించినది.

ఆ రోజులలోనే భారతదేశంలో జన్మించిన ఆనంద మోహన్ చక్రవర్తి, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, ముడి చమురులోని పలు పదార్థాలను తినగల బాక్టీరియాను రూపొందించాడు. దానికి పేటెంటు ఇవ్వవచ్చునని 1980లో ఆ దేశపు సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తీర్పు చెప్పినది. తీర్పు ప్రసిద్ధి కెక్కినది గాని, ఆ జీవిని చమురు ఒలికిన చోట ప్రయోగించలేదు. 1989లో అలాస్కా తీరంలో ఓడ నుండి చమురు ఒలికినపుడు సైతం స్థానిక బాక్టీరియాకే ఎరువు వేశారు.

అన్ని విషాలకు ఒకే మందు లేదు. లోహపు భాగాల జిడ్డు వదిలించడానికి కర్మాగారాలలో వాడిన టెట్రాక్లోరోఎథిలీన్ నీటికన్న బరువు. భూగర్భంలో అడుగుకు దిగిపోతుంది. దానిలోని 4 క్లోరిన్ పరమాణువులను ఒక్కొక్కటిగా తొలగించి ఎథిలీన్‌గా మార్చే బాక్టీరియాను కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వేరుచేసి 1997లో ప్రకటించారు. ఇది గాలి సోకని చోటనే బ్రతుకుతుంది. ఆంబ్లర్‌లో మేలుచేసిన గాలి దీనికి హానికరం. పని నడుమ ఆగిపోతే వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. అది క్యాన్సర్ కలిగించే విషం. కనుక తొలి పదార్థం మాయమైనంత మాత్రాన బావినీరు శుద్ధమైనట్లు కాదు.

సీసం, పాదరసం వంటి లోహాల రూపాన్ని సూక్ష్మజీవులు మార్చగలవే గాని వాటిని నశింపజేయలేవు. విషమేది, దానిని తినే జీవి ఏది, ఆ జీవికి కొరవడినదేది అని ముందుగా పరీక్షించి తెలుసుకొన్న చోటనే ఈ చిన్నిజీవుల సేవ ఫలిస్తుంది.