సున్నపు తేట తేరుకునేదాకా

తెలుగునాట పిల్లల చేత సైన్సు ప్రయోగాలు చేయించడం ఎలా మొదలైందంటే రెండు కథలు వినిపిస్తాయి. ఒకటి సర్కారు కథ: 1986 జాతీయ విద్యా విధానం, మరుసటేడు ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, బడికొక సైన్సు కిట్టు. రెండోది ఉద్యమ కథ: 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక, దాని పిల్లల పత్రిక ‘చెకుముకి’. రెండూ అబద్ధాలు కావు. అయితే బడికి సామాను ఎవరు చేర్చారన్నదే రెండింటికీ ముఖ్యం. ఆ సామానుతో పిల్లవాడు ఏం అడగగలిగాడన్నది రెండింటిలోనూ లేదు.

అంతకు ముందటి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగువాడికి సైన్సును చదివే విద్యగా ఇచ్చింది. చేసే విద్యగా మారడానికి చాలాకాలం పట్టింది. చౌక సామానుతో ప్రయోగాలు పేద దేశాల సర్దుబాటని కొందరంటారు గాని, దాని మూలం యుద్ధంలో ఉంది. బాంబులకు కూలిన బడుల్లోని టీచర్ల కోసం 1948లో స్టీఫెన్‌సన్ అనే ఆయన రాసిన చిన్న పుస్తకమే పెరిగి, 1956లో యునెస్కో సైన్సు బోధనా గ్రంథమైంది. మన దేశంలో ఆ దారిని మలుపు తిప్పింది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు బోధనా కార్యక్రమం. 1972లో 16 బడుల్లో మొదలైన ఆ కార్యక్రమంలో ప్రయోగానికి జవాబు పుస్తకంలో ఉండేది కాదు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగం చేసి చూపాలి. 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

మనకు వచ్చింది ఇదేనా? నా అనుమానం అక్కడే. కిట్టు బీరువాలో ఉండిపోతే వేదిక వచ్చి తాళం తీసిందన్నది ఉద్యమ కథ సారాంశం. కిట్టు బీరువాలో ఉండిపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు; గాజు సామాను పగిలితే స్టాకు రిజిస్టరు ముందు జవాబు చెప్పుకోవలసింది మాస్టారే. తాళం తీసిన మాటా చాలావరకు నిజమే. కానీ బయటికొచ్చిన ప్రయోగం ఏ రూపంలో వచ్చిందో చూడాలి. నిమ్మకాయ కోస్తే రక్తం, కొబ్బరికాయలోంచి మంట, నాలుక మీద వెలిగే కర్పూరం: బాబాల మహిమల గుట్టు విప్పే ఈ ప్రదర్శనలు ఊళ్లలో గొప్ప పని చేశాయి. అయితే వాటి జవాబు ముందే ఖాయం, ఇది మహిమ కాదని. ఆ పద్ధతే తరగతిలోకి వచ్చేసరికి మాస్టారు ఇంద్రజాలికుడయ్యాడు, పిల్లలు చప్పట్లు కొట్టే జనమయ్యారు. ఈ మాటను మరీ సాగదీయకూడదు. అగ్గిపుల్ల, దారం, గాజు గ్లాసు కూడా ప్రయోగశాలేనన్న ధైర్యం పల్లెటూరి టీచరుకు ఇచ్చినవారిలో వేదిక వాళ్లు ముందుంటారు. అదే కాలంలో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కూడా చేస్తూ నేర్చుకోవడాన్ని, చుట్టుపక్కల వస్తువుల వాడకాన్ని తన సూత్రాల్లో చేర్చుకుంది. హోషంగాబాద్ నుంచి మనం చెయ్యి తెచ్చుకున్నాం, సందేహాన్ని అక్కడే వదిలేశాం.

2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తర్వాత పాఠ్యపుస్తకాల నిండా ‘కృత్యం’ చేరింది. మెచ్చుకోదగ్గదే. కానీ ఏ కృత్యమైనా చివరికి ఏం తేలాలో కింది పేరాలోనే ఉంటుంది కనుక, చేయకుండానే రికార్డు నింపొచ్చు. సైన్సు ఫెయిర్లలో సోడా ఉప్పు, వెనిగర్ పోస్తే పొంగే థర్మాకోల్ అగ్నిపర్వతానిది ఇంకో దారి. పొంగింది కదా, ఇంకేం అడుగుతాం?

పిడుగురాళ్లనే తీసుకుందాం. సున్నం బట్టీల ఊరు. శుద్ధమైన సున్నపురాయి నూరు కిలోలు పూర్తిగా కాలితే 56 కిలోల రాతి సున్నం మిగులుతుంది, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. ఆ ఊరి పిల్లవాడు కూడా సున్నపు తేటలోకి గొట్టంతో ఊది, అది పాలలా మారిందని రాసి ఊరుకుంటాడు. బట్టీలో విడిపోయిన రాయే గ్లాసులో మళ్లీ పుట్టిందని అతనికి తోచదు. అక్కడితో అయిపోలేదు కూడా. ఆ తెల్లనీళ్లు రెండు చెంచాలు తీసుకుని గోలీ సోడా పోస్తూ పోతే, ఆ రాయి కరిగి అవి మెల్లగా తేరుకుంటాయి. ఊపిరిలో వాయువు తక్కువ కాబట్టి ఊదితే ఆ పని సులువుగా కాదు. బ్రహ్మనాయుడు వెళ్లిపోయాడని చెప్పుకునే గుత్తికొండ బిలాన్ని తొలిచింది కూడా ఈ కరగడమే.

అరవైమంది ఉన్న గదిలో ఇవన్నీ కుదరవని టీచర్లు అంటారు. రాతి సున్నం నీళ్లలో కుతకుతలాడి కళ్లలో పడుతుందన్న భయమూ న్యాయమైనదే. ఆ పని మాస్టారే చేసి, తేరిన నీళ్లు మాత్రం పిల్లలకివ్వాలి. తక్కినదానికి బెంచీకొక గ్లాసు, ఒక సోడా సరిపోతాయి. అసలు అడ్డంకి పరీక్షే. సున్నపు తేటను పాలలా మార్చే వాయువేదని అడిగే ఒక మార్కు ప్రశ్నకు గోలీ సోడాతో పనిలేదు.