మనిషికి సూది సరే, కుక్కకో?

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు పిచ్చికుక్క కాటు మందు ఇప్పించాడు. అది మన దక్షిణాదికి చేరేసరికి ఇరవై ఏళ్లు దాటింది. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిసింది. రాయలసీమలోని రాజంపేట మీదుగా మద్రాసు రైలు అప్పటికే ఉంది కాబట్టి చేతిలో నాలుగు డబ్బులున్నవాడు ఆ దారినపోయి, నీలగిరి కొండరైలెక్కి కూనూరు చేరగలడు. తక్కినవాళ్లకు పసరు, తాయెత్తు, ఏడు బావుల్లోకి తొంగిచూడటం. కరిచిన ప్రతి కుక్కకూ పిచ్చి ఉండదు. ఉన్నా, కాటు తిన్న అందరికీ జబ్బు రాదు. అలా బతికిపోయినవాళ్లే మంత్రగాళ్లకు పేరు తెచ్చిపెట్టారు.

1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో టీకా తయారుచేశాడు. అదే తర్వాతి తరాలు వణికిపోయిన బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. కొందరికి దానివల్ల పక్షవాతమూ వచ్చేది. అయినా మన దేశంలో అది 2005 దాకా సాగింది. ఇప్పుడు చర్మంలోకిచ్చే టీకాకు నాలుగుసార్లు ఆసుపత్రికి వెళితే చాలు, అదీ చేతికే.

ఈ కథంతా కాటు తిన్న మనిషిది. కుక్కకు ఒకే సూదితో సరిపోయే టీకాను 1921లోనే జపాన్‌లో ఉమెనో, డోయ్ రూపొందించారు. 1950లో అక్కడ చట్టం తెచ్చి, కుక్కను పెంచేవాడు దాన్ని నమోదు చేయించి ఆరు నెలలకోసారి టీకా వేయించాలన్నారు. 1957 తర్వాత అక్కడి కుక్కల్లో రేబిస్ లేదు. మనకు హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మనుషులకు అభయ్‌రాబ్‌నూ జంతువులకు రక్షారాబ్‌నూ తయారుచేస్తోంది. మొదటిది గుర్తొచ్చినట్టు రెండోది గుర్తురాదు.

"మా కుక్క ఎవుర్నీ కరవదప్పా" అంటాడు రాజంపేట మామిడితోట రైతు. నిజమే కావచ్చు. పగలు సంగటి ముద్ద తిని పడుకునే ఆ కుక్క రాత్రి గొలుసు విప్పాక ఏ నక్కతో, ఏ ఊరకుక్కతో కలబడిందో ఆయనకు తెలియదు. పిచ్చి అంటే చొంగ కార్చుకుంటూ వీధులెంట పరుగెత్తడమే కాదు. మూగ రేబిస్‌లో కుక్క ఓ మూల ముడుచుకుంటుంది, దవడ వేలాడుతుంది, తిండి మింగలేదు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని యజమానే నోట్లో చెయ్యి పెడతాడు. పిల్లకుక్క గోరు గీరితే కడుక్కోవడం కూడా ఉండదు, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలన్న మాట అటుంచండి.

కుక్కకు మూడో నెలలో టీకా, తర్వాత బూస్టరు, ఆపై ఏటా ఒకటి. పాశ్చర్ టీకా పడిన ఆ జులై 6నే ఏటా పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. వచ్చేవి ఎక్కువగా పొమేరియన్లూ లాబ్రడార్లూ. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితేనే వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాపలా కుక్కలను వదిలేసి ఆ లెక్క తేలదు. గొర్రెల కాపరిని కుక్కను బండెక్కించి పట్నానికి తెమ్మంటే తేడు, తేలేడు కూడా. గొర్రెలకు చిటుకు రోగం టీకా వేయడానికి పశువైద్య సిబ్బంది మందల దగ్గరికే వెళతారు. ఆ టీకా మోసుకెళ్లే ఐసు పెట్టెలోనే కుక్క మందు కూడా పెట్టుకెళ్లొచ్చు.