పాత లారీ పొద్దున్నే మొండికేస్తే... పంపు ఊడదీసే ముందు ఈ చరిత్ర చదవండి



తోతాపురి కోతలు వచ్చినాయంటే మన చిత్తూరు, తిరుపతి పక్క పాత బండ్లకి పరీక్ష మొదలైనట్టే. కోసిన కాయ మనకోసం ఆగదు. గుజ్జు ఫ్యాక్టరీ కాడ క్యూ తప్పితే మళ్ళా వెనకనుంచి రావాల. అట్లాంటప్పుడు బండి స్టార్ట్ కాకపోతే కంగారులో మొదట పంపు ఊడదీయిస్తాం, వేలకు వేలు వదిలించుకుంటాం. నేను చెప్పేది ఒకటే: పంపు ఆఖరున చూడాల్సిన వస్తువు. ఎందుకో తెలియాలంటే డీజిల్ ఇంజన్ పుట్టిన కాడినుంచి రావాల.

రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరుకు 1893లో జర్మనీలో పేటెంట్ వచ్చింది. 1897లో ఆగ్స్‌బర్గ్ ఊర్లో ఆయన ఇంజన్ సరిగ్గా నడిచింది. దాంట్లో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది, ఆ వేడికి నూనె అంటుకుంటుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే వేడి తగుల్తుంది గదా, అదే సూత్రం. అంటే డీజిల్ బండికి కావల్సింది రెండే. ఇంజన్ వేగంగా తిరగాల, సరైన క్షణంలో డీజిల్ పడాల.

ఈ రెండోదే చానా కష్టమైంది. మొదట్లో నూనెని లోపలికి ఊదేదానికి వేరే కంప్రెసర్ పెట్టినారు. ఆ బరువు ఓడలకి, ఫ్యాక్టరీలకి సరిపోయింది గానీ లారీ మొయ్యలేదు. 1927లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారుచేసినాకే లారీల్లో డీజిల్ గట్టిగా నిలబడింది. మన దేశంలో 1951లో మైకో కంపెనీ పుట్టింది. పాత పంపుల మీద ఇప్పటికీ కనబడేది ఆ పేరే. 1954లో టాటా వాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టినారు. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది.

ఇప్పుడు అసలు కిటుకు. పంపులో ప్లంజరు డీజిల్‌ని నొక్కుతుంది. డీజిల్ దాదాపుగా నలగదు, కాబట్టి ఒత్తిడి పెరిగి నాజిల్ తెరుచుకుంటుంది. మధ్యలో గాలి చేరితే అది దూదిలా నలుగుతుంది, నాజిల్ తెరుచుకోదు. బావికాడ ఆయిలింజను నడిపిన పెద్దోళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. నట్టు వదులుచేసి గాలి తీసిందాకా ఇంజను పలికేది కాదు. లారీలో జరిగేదీ అదే.

అందుకే ఈ వరసలో చూడండి.

1. స్టార్టర్ టిక్ టిక్ అని ఆగిపోతే అది డీజిల్ సమస్య కాదు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లపొడి, ఎర్త్ వైరు చూడండి. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కారుకి కరెంటు స్టార్టర్ వచ్చిందాకా అందరూ హ్యాండిల్ తిప్పినోళ్ళే. ఫ్యాక్టరీ క్యూలో రెండడుగులకొకసారి స్టార్ట్ చేసి ఆపితే బ్యాటరీ దిగిపోతుంది, మళ్ళా నిండేంత సేపు ఇంజన్ నడవదు.

2. ఇంజన్ బాగా తిరుగుతుంది, పొగ మాత్రం అసలు రాలేదు. అంటే డీజిల్ లోపలికి పోవడంలేదు. స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి వచ్చిందా, ట్యాంకులో డీజిల్ ఉందా, ఫిల్టర్ మూసుకుందా చూడండి. తర్వాత ఫిల్టర్ మీది స్క్రూ వదులుచేసి, ఫీడ్ పంపు పక్కనుండే హ్యాండ్ ప్రైమర్ కొట్టండి. బుడగలు పోయి నిండు ధార వచ్చినాక బిగించండి. పంపు మీది స్క్రూ దగ్గర కూడా అంతే.

3. తెల్లపొగ వస్తుంది, అంటుకోదు. డీజిల్ చేరింది, వేడి చాలలేదు. ఇంజన్ మెల్లగా తిరుగుతుందేమో, డీజిల్‌లో నీళ్ళు కలిసినాయేమో చూడండి. కంప్రెషన్ అనుమానం ఆ తర్వాత.

4. రాత్రంతా నిలబెడితేనే మొండికేస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా పైపు, వాషర్లు చూడండి. అక్కడ చిల్లి పడితే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. నడిపేటప్పుడు కొంతసేపటికి ఆగిపోతుంటే ట్యాంకు మూత గాలిరంధ్రం మూసుకుందేమో చూడండి.

రెండు జాగ్రత్తలు. ఇంజన్ తిరిగేటప్పుడు నాజిల్ పైపు లీకుని వేలితో తడమొద్దు, ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది. రెండోది, మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ లాంటి చోట పల్లంలో వదిలి స్టార్ట్ చేద్దామనుకోవద్దు. ఇంజన్ ఆగితే బ్రేకుకి సాయం తగ్గిపోతుంది, లోడు మాత్రం తగ్గదు.

పంపులో ప్లంజరుకి, దాని గూటికి మధ్య సందు వెంట్రుక కంటే చానా సన్నం. రోడ్డు పక్కన దుమ్ములో దాన్ని విప్పితే బాగున్నది కూడా పాడైపోతుంది. పైన చెప్పినవన్నీ చూసినాక కూడా బండి లేవకపోతే, అప్పుడు పంపుని మిషన్ మీద పెట్టి చూసే షాపుకి తీసుకుపోండి. మామిడి సీజన్ మొదలయ్యే ముందే కొత్త ఫిల్టర్ ఒకటి, రాగి వాషర్లు నాలుగు బండిలో పెట్టుకోండి.