మైనపు సిలిండరులోని పాట



నేడు నేను చెప్పబోవునది ఒక పాటను గూర్చిన విచారణ. ఆ పాటను నేను వినలేదు. విన్నామని చెప్పగలవారు నేడెవ్వరును లేరు. ఐనను దానికై వెదకువారు మాత్రము కలరు.

అమెరికా దేశమున మిసిసిపీ నదీతీరమున న్యూ ఆర్లీన్సు అను నగరము కలదు. బడ్డీ బోల్డెన్ అను నల్లజాతి వాద్యకారుడు 1877లో అచ్చట జన్మించెను. అతని వాద్యము కార్నెట్టు. మన పెండ్లి బ్యాండుమేళములలో ఊదు ఇత్తడి బాకా వంటిది. జాజ్ అని లోకము పిలుచు సంగీతమునకు ఆద్యులలో అతనిని ముందుగా పేర్కొందురు. 1907లో మతి చలించుటచే అతనిని ఉన్మాదుల వైద్యశాలలో చేర్చిరి. ఇరువదినాలుగేండ్లు అచ్చటనే గడపి 1931లో కన్నుమూసెను. జాజ్ పేరుతో తొలి రికార్డు 1917లో వెలువడెను. దానిని వాయించినవారు తెల్లవారు. అప్పటికి బోల్డెన్ పదియేండ్లుగా ఆ గోడల నడుమనే యుండెను.

అతని మేళమున ట్రాంబోను వాయించిన విల్లీ కార్నిష్ వృద్ధాప్యమున ఒక మాట చెప్పెను. 1898కి పూర్వమే తమ మేళము మైనపు సిలిండరుపై ఒక పాట పట్టించినదట! ఆ సిలిండరు నేటివరకు దొరకలేదు.

ఈ మాటను నమ్మవచ్చునా? ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను ప్రమాణములను పెద్దలెఱుగుదురు. ఇచ్చట ప్రత్యక్షము లేదు. శబ్దము కలదు, కార్నిష్ పరాయివాడు కాడు, ఆ మేళమువాడే. బోల్డెన్ రూపము తెలుపు ఒకే యొక ఛాయాచిత్రము లోకమునకు దక్కినదియు అతనివలననే. అనుమానమును కొంత అనుకూలించును. 1890 దశకపు ఆరంభముననే ఆ నగరమున లూయిసియానా ఫోనోగ్రాఫ్ కంపెనీ లూయీ వాస్నియర్ అను నల్లజాతి కళాకారుని గొంతును సిలిండర్లపై పట్టించెను. కావున అసంభవమనరాదు.

కాని మంచును చూచి పొగయని భ్రమించి, కొండపై నిప్పున్నదనువాడును గలడు. బోల్డెన్ క్షౌరశాల నడిపెననియు, పత్రిక నడిపెననియు చాలకాలము గ్రంథములలో వ్రాసిరి. డోనాల్డ్ మార్క్విస్ అను పరిశోధకుడు నగరపు పాత దస్త్రములను గాలించి, 1978 నాటి తన గ్రంథమున అవి ఆధారములేని కథలని తేల్చెను. అచ్చులో నున్నంతమాత్రమున సత్యము కాదు. నోట విన్నంతమాత్రమున అసత్యమును కాదు.

సిలిండరు చేసిరనియే యనుకొందము. అది నిలుచునా? ఆనాటి మైనము మెత్తనిది. వాయించిన కొలది గీత అరుగును; తేమకు బూజు పట్టును; క్రింద పడిన పగులును. పైపొర చెక్కి మరల వాడుటయు కలదు. అచ్చుపోసి విరివిగా ప్రతులు తీయు పద్ధతి 1902 ప్రాంతమున గాని రాలేదు.

ఇట్టి నష్టము మనకు క్రొత్త కాదు. శ్రీనాథుని మరుత్తరాట్చరిత్రము మనకు దక్కలేదు. పేరు మాత్రమే మిగిలినది. ఐనను భేదమున్నది. శ్రీనాథుడు తన కావ్యముననే ఆ పేరు చెప్పుకొనెను. కార్నిష్ మాట నలుబదియేండ్ల తరువాతి జ్ఞాపకము. కావున ఆ సిలిండరు ఉండెననియు, లేదనియు నేననను. ఉండియుండవచ్చునని మాత్రమే యందును.

ఈ కథ చదివిననాడు నాకు మా గురువుగారు తలపునకు వచ్చిరి. వారు పురాణము చెప్పుచుండగా ఊరంతయు నిదుర మాని వినెడిది. టేపు యంత్రములున్న కాలమే యైనను, ఆ గొంతును పట్టియుంచవలెనని శిష్యుల మొక్కరికిని తోచలేదు. నేడు నేనెంత వర్ణించినను వినువారికి అది ముసలివాని మాటయే. నేనును కార్నిష్ స్థితిలోనే యున్నాను.

మీ యూళ్లలో హరికథకులు, తోలుబొమ్మలాటవారు, ఒగ్గుకథవారు వృద్ధులై యుందురు. వారి గొంతులను నేడే పట్టించుడు. పాడినదెవరో, ఏ యూరో, ఏ దినమో ప్రక్కనే వ్రాసియుంచుడు. మన మనుమలు మన మాటను నమ్మవలెనా యని విచారణ చేయవలసిన పని లేకుండ, ఆ పాటనే వినగలుగుదురు గాక!