తరగతి గదిలో ఆటలు, అంతర్జాలం: పల్నాడు

పాఠం చెప్పడానికి ఆటలను, వాటితోపాటు కంప్యూటర్, ట్యాబ్, డిజిటల్ ప్యానెల్, అంతర్జాలం వంటి సాధనాలను వాడే బోధన పద్ధతి పల్నాడు బడుల్లోకి ఎలా వచ్చింది, అక్కడ దేనికి పనికొచ్చింది అన్నది ఈ వ్యాస విషయం. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల దీని రెవెన్యూ డివిజన్లు. ఇక్కడి బడులకు చేరిన యంత్రాలు చాలా వరకు రాష్ట్రమంతటికీ ఒకేసారి వచ్చినవే. కానీ సాగర్ కాలువ కింది ఊళ్లు, సున్నపు బట్టీల పిడుగురాళ్ల, నల్లమల అంచున బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తండాలు అన్నీ ఒకే జిల్లాలో ఉండటం వల్ల, ఒకే ట్యాబ్ ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా అక్కరకొస్తుంది.

ఆట, పందెం

పల్నాడులో ఆట అనగానే గుర్తొచ్చేది కోడిపందెం. నాయకురాలు నాగమ్మతో పందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లడం, ఆ తర్వాత కారంపూడి దగ్గర యుద్ధం జరగడం పల్నాటి వీరగాథ చెప్పే కథ. అదే కథలో బాలచంద్రుడు బొంగరాలాడతాడు. మొదటిది పందెం, రెండోది ఆట. ఈ రెంటి తేడా పాత కథకే పరిమితం కాదు. ‘ఆన్‌లైన్ గేమ్’ అనే మాట వినగానే ఇక్కడి తల్లిదండ్రులకు రమ్మీ, అప్పులు గుర్తొస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణతో నిషేధించింది. 2025లో కేంద్రం చేసిన చట్టం కూడా డబ్బుతో ఆడేవాటిని నిషేధించి, చదువుకు ఉపయోగపడే ఆటలను వేరుగా చూసింది. తరగతిలో ఆట పెట్టదలచిన టీచరు పేరెంట్స్ మీటింగ్‌లో ముందుగా విప్పి చెప్పాల్సింది ఈ తేడానే.

అయితే పందెం డబ్బుతోనే రానక్కర్లేదు. తెర మీద ప్రశ్న వేసి, ముందు నొక్కిన వాడికి ఎక్కువ మార్కులిచ్చి, మొదటి ముగ్గురి పేర్లు మెరిపించే క్విజ్‌లో కూడా పందెం ఉంది. నార్వేలో పుట్టి 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చిన కహూట్ ఈ తరహాదే. గది హోరెత్తుతుంది, నిజమే. కానీ గెలిచేది అప్పటికే పాఠం వచ్చిన నలుగురు. వెనక బెంచీ వాళ్లు మూడో ప్రశ్నకే చేతులు దించేస్తారు. చదువుకు పనికొచ్చే ఆట గుణం వేరు: ఓడినవాడు వెంటనే మళ్లీ ఆడొచ్చు, ఎక్కడ తప్పాడో అక్కడే తెలుస్తుంది, ఎవరూ గదమాయించరు.

గవ్వల నుంచి స్క్రాచ్ దాకా

ఈ గుణం అచ్చ తెలుగు ఆటల్లో ఎప్పటినుంచో ఉంది. పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. బలంలో సమానం కాని రెండు పక్షాలు ముందుచూపుతో ఎలా నెగ్గుకురావాలో నేర్పే ఆట ఇది. వామనగుంటలు అంకెలు రాని పిల్లకు కూడా కూడిక, పంపకం నేర్పుతుంది. అన్నిటికన్నా అష్టాచెమ్మా ఎక్కువ పనికొస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇరవై అయిదు గళ్ల పట్టం, నాలుగు గవ్వలు ఉంటే చాలు. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలను చీల్చో, ఒకవైపు అరగదీసో వాడతారు. వెల్లకిలా పడ్డవాటిని లెక్కిస్తారు: ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది.

పదో తరగతి గణితంలో సంభావ్యత పాఠానికి ఇంతకంటే మంచి ప్రవేశం దొరకదు. ఒక్కో గవ్వ రెండు రకాలుగా పడొచ్చు, నాలుగింటికి కలిపి పదహారు. ఒకటి పడే దారులు 4, రెండుకు 6, మూడుకు 4, చెమ్మాకు 1, అష్టాకు 1. ఈ లెక్కన 160 సార్లు వేస్తే అష్టా సుమారు పది సార్లు రావాలి. పిల్లలు జట్లుగా కూర్చుని వేసి రాసుకుంటే పుస్తకం లెక్కకు, చేతి లెక్కకు పొంతన కుదరదు. కారణం, గవ్వ నాణెం కాదు. రెండు వైపులా సమానంగా పడదు. చింతపిక్కకు మళ్లీ వేరే వాటం. ‘ఎందుకు కుదరలేదు?’ అన్న ప్రశ్న పిల్లల నోటే వచ్చిన క్షణంలో పాఠం సగం అయిపోయినట్టే.

కంప్యూటర్ అవసరం ఇక్కడ మొదలవుతుంది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో కోడ్ రాయనక్కర్లేదు. రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలిస్తే చాలు. అందులో నాలుగు గవ్వలు చేసి, వెల్లకిలా పడే వీలును సగానికి బదులు వేరే అంకెగా మార్చి, వెయ్యి సార్లు వేయించవచ్చు. నేల మీద వచ్చిన లెక్కకు ఏ అంకె దగ్గరగా వస్తుందో వెతకడమే ఆట. ఇంటర్నెట్ లేకుండా నడిచే స్క్రాచ్ కూడా ఉంది కనుక సిగ్నల్ గోల లేదు. ఈ పాఠానికి నేల, గవ్వలు, కాగితం, యంత్రం నాలుగూ కావాలి. ఒక్క యంత్రమే ఉంటే పిల్లలకు ప్రశ్నే పుట్టదు.

తరగతిలో ఆడించదగ్గ సాధనాలు ఉచితంగానే చాలా ఉన్నాయి. మార్కస్ హోహెన్‌వార్టర్ తయారు చేసిన జియోజీబ్రాలో త్రిభుజం శీర్షాన్ని వేలితో లాగుతూ కోణాల మొత్తం మారకపోవడం చూడొచ్చు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనుకరణల్లో విద్యుత్ వలయాలు, ఊగే లోలకాలు ఉన్నాయి. వాటిలో కొన్ని తెలుగులోకీ వచ్చాయి. ఒక్క ఫోనే ఉన్న గదికి ప్లికర్స్ బాగా సరిపోతుంది. పిల్లల చేతుల్లో ఉండేది అచ్చువేసిన అట్టముక్క మాత్రమే. జవాబు ఏ, బీ, సీ, డీల్లో ఏదో దాన్ని బట్టి అట్టను తిప్పి పట్టుకుంటారు, టీచరు ఫోన్ కెమెరాతో గది మొత్తాన్ని ఒకసారి చూస్తే ఎవరి జవాబేమిటో ఫోన్‌లో పడుతుంది. పక్కవాడి అట్ట చూసి కాపీ కొట్టడం కష్టం, ఎందుకంటే ఏ రెండు అట్టల మీది బొమ్మా ఒకటి కాదు. తప్పు చెప్పిన పిల్లవాడి పేరు అందరి ముందూ బయటపడకుండా టీచరు జాగ్రత్తపడే వీలూ ఉంది.

అయితే అన్నిచోట్లా తెరే మేలు కాదు; అనుపు సంగతి ఇక్కడే చెప్పాలి. నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన ఇక్ష్వాకుల కాలపు విహారాన్ని, చుట్టూ మెట్లున్న క్రీడా ప్రాంగణాన్ని సాగర్ జలాశయంలో మునగకుండా తెచ్చి మాచర్ల మండలంలోని అనుపు దగ్గర మళ్లీ కట్టారు. చదువుల చోటు, ఆటల చోటు దగ్గరదగ్గరగా నిలిచి ఉన్న ప్రదేశం అది. దాని 360 డిగ్రీల వీడియో ప్యానెల్ మీద చూపించవచ్చు, విజయనగరం పిల్లలకైతే అది వరమే. మాచర్ల పిల్లలకు మాత్రం బస్సు ఎక్కించి తీసుకెళ్లడమే మేలు.

యంత్రాల రాక

రేడియో మొదటిది. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ ప్రాంతానికి పాఠాలు, పిల్లల కార్యక్రమాలు వినిపించింది. పిల్లల చేత ఆడించి, పాడించి నేర్పే పద్ధతిని రేడియోలోకి తెచ్చి, రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు ఈ చరిత్రలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి.

దేశంలో బడి కంప్యూటర్ కథ 1984లో కేంద్రం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకంతో ఆరంభమైంది. చిలకలూరిపేట దగ్గరి మద్దిరాల జవహర్ నవోదయ విద్యాలయం వంటి కేంద్ర సంస్థల్లో కంప్యూటర్లు సాధారణమయ్యాక కూడా జిల్లా పరిషత్ హైస్కూళ్ల వాటా అంతంతమాత్రమే. 2000 దశకం తొలి సగంలో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తెలుగులో తయారుచేసిన ఆటల సీడీలతో కంప్యూటర్ ఆధారిత అభ్యసన కేంద్రాలు రాష్ట్రంలో నడిచాయి. ఒక్కో తెర ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు. తర్వాత ఆ ఫౌండేషనే ఈ దారి వదిలి, టీచర్లతో నేరుగా పనిచేయడానికి మళ్లింది. 2008 తర్వాత ఐసీటీ పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలోని వేల హైస్కూళ్లకు కంప్యూటర్ గదులు, ఒప్పంద బోధకులు వచ్చారు. ఒప్పందకాలం ముగిసేసరికి బోధకులు పోయారు, గదికి తాళం పడింది. చాలా బడుల్లో ఆ తర్వాత యంత్రాల మీద కప్పిన గుడ్డ కూడా తియ్యలేదు.

2017 సెప్టెంబర్ 5న వచ్చిన దీక్షా అంతర్జాల వేదిక పాఠ్యపుస్తకంలోకి క్యూఆర్ కోడ్ తెచ్చింది. కొవిడ్ కాలంలో, 2020లో దూరదర్శన్ సప్తగిరి ఛానెల్ ‘విద్యామృతం’, ‘విద్యావారధి’ పేర్లతో పాఠాలు ప్రసారం చేసింది. ఇంట్లో ఒకే ఫోన్, అది నాన్నతోపాటు పొలానికి పోతుంది. కాబట్టి వాట్సాప్ పాఠం కన్నా టీవీ పాఠమే కొంత నయమనిపించుకుంది.

ఆ తర్వాత వచ్చింది పెద్ద కెరటం. 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు పథకం తొలి దశలో 15,715 బడులను బాగుచేశారు. వాటిలో ఆరు నుంచి పదో తరగతి దాకా తాకితే పనిచేసే డిజిటల్ ప్యానెళ్లు, ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు పెట్టారు. టీచర్లు ప్యానెల్‌ను ‘ఐఎఫ్‌పీ’ అంటారు. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 21న యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభమైంది. పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చారు. వీడియో పాఠాలు ట్యాబ్‌లోనే నింపి ఇవ్వడం తెలివైన ఏర్పాటు. నెట్ లేని ఊళ్లోనూ పాఠం నడిచింది. మరుసటి ఏడాది అదే తేదీన రెండో విడత. 2024లో ప్రభుత్వం మారాక పంపిణీ ముందుకు సాగలేదు, బైజూస్ కూడా ఆ ఏడాదే దివాలా విచారణలోకి వెళ్లింది. వరసగా ఈ కథంతా చూస్తే ఒకటి తేటపడుతుంది. యంత్రం వయసు ఒప్పందం వయసే, టీచరు సర్వీసు దానికి ఎన్నో రెట్లు.

పరీక్షలో ఏం తేలింది

ఆటలతో లెక్కలు వస్తాయా అన్న ప్రశ్నకు భారతదేశంలోనే గట్టి సమాధానం ఉంది. గుజరాత్‌లోని వడోదరలో నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఇద్దరికో కంప్యూటర్ చొప్పున, లెక్కల ఆటలు ఆడారు. పిల్లవాడి స్థాయిని బట్టి ఆట కష్టం మారుతుంది. అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, ఎస్తర్ డఫ్లో, లీ లిండెన్ 2007లో ప్రచురించిన ఈ అధ్యయనంలో రెండో ఏడాదికి లెక్కల మార్కులు 0.47 ప్రామాణిక విచలనం పెరిగాయి. బడి పరిశోధనల్లో ఇది పెద్ద అంకె. పథకం ఆగిన ఏడాది తర్వాత చూస్తే చాలా భాగం కరిగిపోయి, దాదాపు 0.10 మిగిలింది. లిండెన్ గుజరాత్‌లోనే చేసిన మరో అధ్యయనం ఇంకా ముఖ్యమైన సంగతి చెబుతుంది: టీచరు పాఠానికి బదులుగా కంప్యూటర్ పెట్టినచోట పిల్లలు వెనకబడ్డారు, పాఠం అయ్యాక అదనంగా పెట్టినచోట ముందుకెళ్లారు.

ఢిల్లీలో 619 మంది పిల్లలతో మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించిన కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్‌లకు నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 పెరుగుదల కనిపించింది. కారణం తరగతి పేరు కాక పిల్లవాడి అసలు స్థాయి చూసి సాఫ్ట్‌వేర్ ప్రశ్న ఇవ్వడమే. ఇదే తరహా వ్యక్తిగత అభ్యసన కార్యక్రమం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లోనూ నడిచింది. దాన్ని పరిశీలించినది షికాగో విశ్వవిద్యాలయంలో మైఖేల్ క్రెమర్ నడిపే డెవలప్‌మెంట్ ఇన్నోవేషన్ ల్యాబ్. బెనర్జీ, డఫ్లో, క్రెమర్ ముగ్గురూ 2019లో అర్థశాస్త్ర నోబెల్ పంచుకున్నవాళ్లే.

ఎనిమిదో తరగతి వీడియో చూపించే ట్యాబ్‌కు, భాగహారం దగ్గరే ఆగిపోయిన ఎనిమిదో తరగతి పిల్లవాడికి మధ్య ఎంత దూరమో ఈ అంకెల వెలుగులో తెలుస్తుంది. ఆట లేని చోట ట్యాబ్ చిన్న టీవీ మాత్రమే.

మిరపకోత, తండా, సిగ్నల్

పల్నాడులో బడి క్యాలెండర్‌ను మిరప శాసిస్తుంది. కోతల కాలంలో పెద్దవాళ్ల వెంట పిల్లలు పొలాలకు పోతారు, వేరే జిల్లాల నుంచి కూలి కుటుంబాలు ఇక్కడికొస్తాయి. వారం రోజులు రాని పిల్ల తిరిగొచ్చినప్పుడు ఆమెకోసం పాఠం ఆగి ఉండదు. ఆమె స్థాయి దగ్గరే మొదలయ్యే ఆట ఆగి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆటలు ఇక్కడ నిజంగా అక్కరకొచ్చేది ఈ రోజుల్లోనే.

రెండో చిక్కు భాష. తండాల్లో పిల్లలకు ఇంటి భాష లంబాడీ, బడి భాష తెలుగు, తెర మీద ఇంగ్లిష్. 2020–21 నుంచి పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా అచ్చవుతోంది; వీడియోలకు అలాంటి ఎదురు పేజీ అంత తేలిగ్గా దొరకదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నుంచి వచ్చిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే కంప్యూటర్ వ్యవస్థను, పిల్లల కోసం బాల స్వేచ్ఛను రూపొందించింది. లంబాడీ పలుకుబడి మాత్రం ఇప్పటికీ టీచరే నేర్చుకోవాలి. ఆ పిల్లలకు గవ్వలాటలో భాష అడ్డు రాదు; అందుకే ఒకటో తరగతిలో దాంతో మొదలుపెట్టడం సులువు.

టీచర్ల వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి. వాళ్ల ఫోన్‌లో బోధన యాప్ కంటే ముందు హాజరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోల యాప్‌లు చేరాయి. సిగ్నల్ రాని చోట మొదటి పీరియడ్ వాటికే పోయేది. ఈ యాప్‌లను ‘లీప్’ అనే ఒకే చోటికి చేర్చే పని తర్వాత జరిగింది. కొత్త టీచర్లను తయారుచేసే బోయపాలెం డైట్ లాంటి చోట్ల బోధనోపకరణాలంటే ఇంకా అట్ట, జిగురు, రంగుకాగితమే ముందుంటాయి. అది లోపమేమీ కాదు, అష్టాచెమ్మా పట్టం గీయడానికి కావల్సింది అవే.

అంతర్జాలాన్ని చూడటానికే కాక రాయడానికి వాడే దారి ఒకటి ఈ జిల్లా బడులకు బాగా నప్పుతుంది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో పల్నాడు గ్రామాలకు వ్యాసాలున్నాయి, కానీ చాలా వాటిలో జనాభా లెక్కలు తప్ప ఊరి ఊసు ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఊరి వ్యాసం తెరిచి, గుడి ఫొటో, చెరువు పేరు, బడి పెట్టిన సంవత్సరం చేర్చవచ్చు. చేర్చిన కాసేపటికే ఎవరో ఒకరు ‘ఆధారం?’ అని అడుగుతారు. తాతయ్య చెప్పాడంటే ఒప్పుకోరు. అప్పుడు పిల్లలు బడి గోడ దగ్గరికి పరుగెత్తి, సున్నం పొరలు గీకి, శిలాఫలకం మీది తేదీ చదవాల్సి వస్తుంది.