ఆ 7.9 సెకన్లు

మొన్న ఆదివారం పనేమీ లేక (ఉంది లెండి, చెయ్యబుద్ధి కాలేదు) ‘ది లాస్ట్ డాన్స్’ మళ్ళీ చూశాను. 2020 లాక్‌డౌన్‌లో చూసినప్పుడు జోర్డాన్ తప్ప ఇంకెవరూ కనపళ్ళేదు. ఈసారి దృష్టంతా ఓడిపోయినవాళ్ళ మీదే. దానికో కారణం ఉంది, చివర్లో చెప్తా.

1991 మే 27. ఎన్‌బీఏ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో నాలుగో ఆట. డెట్రాయిట్ పిస్టన్స్ అప్పటికి వరసగా రెండేళ్ళు చాంపియన్లు. మొరటు ఆట వల్ల ‘బ్యాడ్ బాయ్స్’ అని పేరు. 1988 నుంచి వరసగా మూడేళ్ళు జోర్డాన్ ఆడే షికాగో బుల్స్‌కి మట్టి కరిపించింది వీళ్ళే. ఆ రోజు మాత్రం 115-94తో ఓడి, నాలుగుకి నాలుగు ఆటలూ పోగొట్టుకున్నారు. ఇంకా 7.9 సెకన్లు ఉండగానే ఐజయా థామస్, బిల్ లాంబీర్ వగైరాలు లేచి, బుల్స్ బెంచీ ముందునుంచే లోపలికి వెళ్ళిపోయారు. ఒక్కరికీ చెయ్యి ఇవ్వలేదు.

పోనీ ఐజయా పనికిమాలినవాడా అంటే, కాదే! 1988 ఫైనల్స్ ఆరో ఆటలో లేకర్స్ మీద చీలమండ బెణికితే, కుంటుతూనే మూడో క్వార్టర్‌లో 25 పాయింట్లు కొట్టాడు. ఆ ఆట ఒక్క పాయింటుతో పోయింది. అంత కష్టపడే మనిషి కూడా ఓ చెయ్యి కలపలేకపోయాడు! 1988లో మేం గెలిచినప్పుడు సెల్టిక్స్ కూడా ఇలాగే వెళ్ళిపోయారుగా అని ఆయన వాదన. నిజమే, కానీ అందులోనూ కెవిన్ మెక్‌హేల్ ఆగి ఐజయాతో మాట్లాడే వెళ్ళాడు. 1992 ఒలింపిక్స్ డ్రీమ్ టీమ్‌కి కోచ్ పిస్టన్స్ కోచ్ చక్ డేలీయే, అయినా ఐజయాకి చోటు దక్కలేదు. ఈ నడక ఒక్కటే కారణం అనలేం గానీ, జనం మాత్రం దాన్నే గుర్తుపెట్టుకున్నారు.

నాకు నచ్చింది జో డుమార్స్. అదే టీమ్, అదే ఓటమి. జోర్డాన్‌ని ఏళ్ళ తరబడి కాపు కాసి విసిగించింది ఈయనే. అయినా ఆగి, చెయ్యి కలిపి వెళ్ళాడు. 1990 ఫైనల్స్ మూడో ఆట రోజు ఈయన తండ్రి చనిపోయారు. ఆట మధ్యలో అలాంటి కబురొస్తే అయ్యేదాకా చెప్పొద్దని భార్యతో ముందే అనుకున్నాడట. తెలియకుండానే 33 పాయింట్లు చేశాడు, తెలిశాక కూడా ఉండి నాలుగో ఆట ఆడాడు. ఎన్‌బీఏ 1995-96లో స్పోర్ట్స్‌మన్‌షిప్ అవార్డు మొదలుపెడితే తొలిసారి ఈయనకే వచ్చింది. తర్వాత ఆ ట్రోఫీకి ఈయన పేరే పెట్టారు. బ్యాడ్ బాయ్స్‌లో ఒకడి పేరు!

ఇక నా కారణం. కిందటేడు నాకొస్తుందనుకున్న టీమ్ లీడ్ పోస్టు పక్క సీటు ఫ్రెండ్‌కి వచ్చింది. కేక్ కోసేటప్పుడు ఫోనొచ్చినట్టు నటిస్తూ బయటికెళ్ళిపోయాను. ఫోన్ లేదు, గీన్ లేదు.

సోమవారం వెళ్ళి వాడికి కంగ్రాట్స్ చెప్పాను.

“ఎనిమిది నెలలకి గుర్తొచ్చిందేంట్రా?” అన్నాడు. కాఫీ మాత్రం వాడే ఇప్పించాడు.